ముందస్తు సూచన, తవక్కుల్

మన బందరు యువకులు కొందరు రాత్రివేళ ఫోన్లలో నార్వే ప్రత్యక్ష కెమెరాలు తెరచి ధ్రువకాంతుల కోసం వేచి ఉంటున్నారు. మేమూ చూశాము, సుబ్‌హానల్లాహ్! సూర్యుని నుండి వెలువడిన కణాలు సాధారణంగా ఒకటి నుండి మూడు దినాలలో భూమిని చేరి, పైవాతావరణంలోని ఆక్సిజన్‌ను తాకగా ఆ ఆకుపచ్చ, ఎరుపు కాంతులు పుడతాయి. 2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం సైతం ఎరుపెక్కింది.

ఆ ప్రయాణానికి వ్యవధి ఉన్నందుననే శాస్త్రజ్ఞులు ముందే సూచించగలుగుతున్నారు. ఇది గైబు జ్ఞానం కాదు. అల్లాహ్ సృష్టిలో ఉంచిన నియమాన్ని గమనించడమే. మచిలీపట్నం రాడార్ చూపే తుపాను జాడ కూడా అటువంటిదే. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను హరించింది. హెచ్చరిక విని కూడా ఇంట కూర్చోవడం తవక్కుల్ కానేరదు.

ఇకమీదట తుపాను కబురు అందగానే మన మస్జిద్ మైకులో ప్రకటిస్తాము, ఇన్‌షా అల్లాహ్. నాగాయలంక, కోడూరు వైపున్న బంధువులను, వృద్ధులను ముందుగా, గుడివాడకు పిలిపించుకోండి.