నందికొట్కూరునుండి కువైటునకు

నందికొట్కూరునుండి కువైటునకు ఎంత దూరము? ఎంతసేపటి ప్రయాణము? ఒకప్పుడిది భూగోళపాఠములోని ప్రశ్న. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి జనులు పనులకై కువైటునకు పోవ మొదలిడిన పిదప రాయలసీమలో ఇది ఇంటి లెక్క అయినది. ఈ లెక్క తప్పినచో విమానము దాటిపోవును. దానితో అప్పుచేసి కొన్న టిక్కెట్టును పోవును. కావున దానిని శ్రోతలతో కలిసి నిదానముగా వేసి చూచెదము.

మొదట దూరము. శంషాబాదు విమానాశ్రయమునుండి కువైటునకు సూటిగా కొలిచినచో సుమారు 3,370 కిలోమీటర్లు. విమానము నిర్ణీతమైన గగనమార్గములవెంట పోవలసినది గనుక అది నడచు దారి ఇంతకంటె కొంత ఎక్కువ. గంటకు 800 కిలోమీటర్లకు మించిన వేగముతో పోయినను, ఎక్కుటకు దిగుటకు పట్టు కాలముతో కలిపి, నాలుగున్నర మొదలు ఐదు గంటలు పట్టును. శీతకాలమున ఉన్నతాకాశములో పడమటినుండి తూర్పునకు బలమైన గాలి వీచును. పోవునప్పుడు అది ఎదురుగాలి. వచ్చునప్పుడు వెనుకనుండి నెట్టును. అందుచే తిరుగు ప్రయాణము సాధారణముగా త్వరగా ముగియును.

ఇక గడియారము. కువైటు కాలము మనకంటె రెండున్నర గంటలు వెనుక. ఉదయము 6 గంటలకు శంషాబాదులో లేచిన విమానము ఐదు గంటలు ఎగిరి అచటి 8.30కి దిగును. టిక్కెట్టు చూచినవారికి రెండున్నర గంటల ప్రయాణమే యని తోచును. తిరిగి వచ్చునప్పుడు అచట రాత్రి 9 గంటలకు బయలుదేరి, నాలుగున్నర గంటలు ఎగిరి, ఇచట తెల్లవారుజామున 4 గంటలకు చేరును. అదే దారి ఏడు గంటలైనట్లు కనబడును. రెండును భ్రమలే.

అన్నిటికంటె ముఖ్యమైనది తేదీ. మన పంచాంగమున వారము సూర్యోదయముతో మారును. గురువారము రాత్రి ఒంటిగంటయైనను మనకది గురువారమే. విమానమువారికి అర్ధరాత్రి దాటగానే శుక్రవారము. టిక్కెట్టుపై 12వ తేదీ 00.45 అని యున్నచో, 11వ తేదీ రాత్రి భోజనవేళకే విమానాశ్రయములో నుండవలయును. 12వ తేదీ రాత్రి పోయినవారికి మిగులునది ఖాళీ ఆకాశమే.

కడపట నేలదారి. నందికొట్కూరునుండి కర్నూలు మీదుగా శంషాబాదునకు 200 కిలోమీటర్లకు పైబడియే యుండును. 2021లో ఓర్వకల్లున విమానాశ్రయము తెరువబడినను అది స్వదేశ విమానములకై యేర్పడినది. రోడ్డుపై ఐదు గంటలు, తనిఖీలకు మూడు, ఆకాశమున ఐదు, దిగిన పిదప ఒకటి: మొత్తము పదునాలుగు. ఇందు విమానము ఎగురునది మూడవవంతు మాత్రమే.

కావున టిక్కెట్టు చేతికి రాగానే బయలుదేరవలసిన తేదీని, గడియను ఇంటి క్యాలెండరుపై తెలుగున వ్రాసి పెట్టుడు. చేరు సమయమునకు రెండున్నర గంటలు కలిపి ప్రక్కన వ్రాయుడు. అప్పుడు ఇంటనున్న తల్లి కువైటునుండి రావలసిన ఫోనుకై వేళకాని వేళ కలతచెందనక్కరలేదు.