దాతృత్వము - ఒక వైద్యపత్రిక
(వార్షిక మహాసభయం దొసగిన యుపన్యాసము)



విద్యానిధికి విరాళములొసగిన దాతలను సన్మానించు ఈ సభలో, ఒక దాత కథను, దానితో పెనవైచుకొన్న యొక వైద్యపత్రిక కథను మనవి చేసికొందును.

జేమ్స్ బుకానన్ బ్రేడీ అమెరికాలో రైలుబండ్ల సామగ్రి విక్రయించి కోటీశ్వరుడైనవాడు. వజ్రములయందును, భోజనమందును అతని వ్యామోహము లోకవిదితము. జనులు "డైమండ్ జిమ్" అనియే పిలిచెడివారు. ప్రోస్టేటు గ్రంథి మూత్రమార్గమునకు అడ్డుపడగా, 1912లో బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్ అను శస్త్రవైద్యుడు అతనిని స్వస్థపరచెను. బ్రేడీ యిచ్చిన ధనముతో 1915లో అచ్చటనే అతని పేర మూత్రవ్యాధుల వైద్యాలయము వెలసెను. నోట చెప్పుటకే సిగ్గుపడు వ్యాధికై కట్టిన భవనమునకు తన పేరు పెట్టనిచ్చుట, నా దృష్టిలో, ధనముకన్న పెద్ద దానము. మన పెద్దలు కొందరు రాత్రి ఐదారుమార్లు లేచుచుండియు ఇంటివారికి చెప్పరు; మూత్రము బంధించి, మూత్రపిండములు చెడిన పిదప వైద్యునొద్దకు పోవుదురు.

1917లో యంగుగారు "జర్నల్ ఆఫ్ యూరాలజీ"ని స్థాపించిరి. బ్రేడీ మరణించినదియు ఆ యేడే. ఇట్టి పత్రికలో వ్రాయుట మన సంచికలో వ్రాయుటవంటిది కాదు, మన్నింపుడు! వచ్చిన వ్యాసమును సంపాదకుడు ఆ శాస్త్రమందే నిష్ణాతులగు పరీక్షకులకు పంపును. రోగులెందరు? చికిత్స పిదప ఎంతకాలము కనిపెట్టి చూచితిరి? కీడు కలిగినవారి లెక్క యేది? అని వారడుగుదురు. తృప్తి కలుగనిచో తిరిగి వ్రాయింతురు, లేదా త్రోసివేయుదురు. ఈ పరీక్షయు పొరపాట్లకు అతీతము కాదు. అయినను ఒకని చికిత్సను వేయిమంది అనుసరింపకముందు నిలిపి ప్రశ్నించునది యిదియే.

ప్రోస్టేటు కాన్సరుకై గ్రంథిని పూర్తిగా తీసివేసినచో ప్రాణము దక్కినను పుంస్త్వము తరచు పోవుచుండెను. బ్రేడీ వైద్యాలయాధిపతి పాట్రిక్ వాల్ష్‌గారును, హాలెండుదేశపు పీటర్ డోంకర్‌గారును మృతశిశుదేహములను శోధించి, అందుకు సంబంధించిన నాడులు గ్రంథికి వెలుపలగా పోవుచున్నవని కనుగొనిరి. ఆ వ్యాసము 1982లో ఈ పత్రికయందే వెలువడెను. గ్రంథిని తీసియు నాడులను కాపాడు శస్త్రచికిత్స దేశదేశములకు వ్యాపించెను. అప్పటికి బ్రేడీ గతించి 65 ఏండ్లు.

మన నిధి వైద్యవిద్యార్థులకు ఫీజులిచ్చుచున్నది. పట్టము రాగానే చేయి ముడుచుకొనుచున్నది. పరిశోధన చేయగోరువారికి మూడేండ్ల భృతిని ఈ సంవత్సరపు పద్దులలో చేర్పవలెనని ప్రతిపాదించుచున్నాను. వారి మొదటి వ్యాసము తిరిగివచ్చినను భృతి నిలుపరాదను నిబంధనకూడ అందుండవలెను.