కలిపినా, విడగొట్టినా - వాడకు ఏమొచ్చింది?

(బోధన్‌లో కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఓట్లు వచ్చినప్పుడల్లా జెండాలు పట్టుకొని మన వాడకు వచ్చినోళ్లు యాభై ఏళ్లకు పైగా రెండే మాటలు చెప్పిండ్రు. తెలుగోళ్లంతా ఒక్కటిగా ఉండాలన్నది ఒకటి. విడిపోతేనే బతుకన్నది రెండోది. చాలాసార్లు రెండూ చెప్పింది ఒకే నోరు.

1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను అప్పుడే కలపొద్దన్నది. 1961 ఎన్నికల తర్వాత ఇక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలన్నది. అప్పటిదాకా ఎవరాగిండ్రు? 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరు. సంతకాలు చేసిన ఎనిమిది మందిలో ఒక్క దళితుడు లేడు. అందులో ఒకరైన చెన్నారెడ్డే తర్వాత ప్రత్యేక ఉద్యమానికి నాయకుడైండు. 1971లో తెలంగాణ ప్రజా సమితికి 10 లోక్‌సభ సీట్లు మనం గెలిపిస్తే, పార్టీని తీసుకపోయి కాంగ్రెసులో కలిపిండు. 1978లో సమైక్య రాష్ట్రానికే ముఖ్యమంత్రి అయిండు. 1969 కాల్పుల్లో పోయిన పిల్లల తల్లులకు జవాబు చెప్పినోడు లేడు.

తర్వాతి కథ మీకెరుకే. బీజేపీ 1998లో ఒక ఓటు, రెండు రాష్ట్రాలన్నది. గద్దెనెక్కినంక ఆ మాట మింగింది. 2004లో కాంగ్రెసు, 2009లో టీడీపీ, టీఆర్ఎస్‌తో పొత్తు కట్టినయి.

బాబాసాహెబ్ 1955లోనే భాషా రాష్ట్రాల మీద పుస్తకం రాస్తూ హెచ్చరించిండు. ఆంధ్రలో రెడ్లు, కమ్మలు, కాపుల చేతుల్లోనే భూమి, కొలువులు, వ్యాపారం ఉన్నయని, అంటరానివాళ్లు వాళ్ల కింద బతుకుతున్నరని కులం పేరు పెట్టి చెప్పిండు. ఏ పార్టీ అయినా ఎన్నికల సభలో ఆ పేజీ చదివిందా?

శక్కర్‌నగర్ సంగతే తీసుకోండి. 1937లో నిజాం కాలంల పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ. సమైక్య రాష్ట్రంల, 2002లో, టీడీపీ సర్కారు ప్రైవేటోళ్ల చేతుల పెట్టింది. తెలంగాణ వస్తే మళ్లీ సర్కారుదే అయితదని టీఆర్ఎస్ చెప్పింది. రాష్ట్రం వచ్చిన ఏడాదిన్నరకు, 2015 డిసెంబరుల, మూతబడ్డది. 2023లో కాంగ్రెసు తెరిపిస్తమన్నది, 2024 జనవరిలో కమిటీ వేసింది. కమిటీతో చెరుకు గానుగాడదు.

ఫ్యాక్టరీ అనంగనే అందరూ చెరుకు రైతు గురించి మాట్లాడతరు. మాట్లాడాల్సిందే. మరి చెరుకు నరికినోడెవడు? మోపు గట్టి బండికెత్తిన అక్క ఎవరు? వాళ్ల పేరున పట్టా లేదు కాబట్టి ఏ బకాయిల లెక్కల వాళ్లు లేరు. ఆసామికి చెరుకు పోతే వరి ఉంది, పసుపు ఉంది. కూలికి సీజనే పోయింది. 2019లో పసుపు రైతులు 170 మందికి పైగా నిజామాబాద్ లోక్‌సభకు నామినేషన్లు వేసి నిలబడితే దేశమంతా ఇటు చూసింది, 2025 జనవరిలో బోర్డు మొదలైంది. భూమి ఉన్నోడు అలిగితే పార్టీలకు వినబడ్డది.

మేము తెలంగాణకు వ్యతిరేకులం కాదు. రోడ్ల మీద వంటావార్పు చేసినోళ్లం, డప్పు కొట్టినోళ్లం. దళితుడే తొలి ముఖ్యమంత్రి అన్న కేసీఆర్ 2014 జూన్ 2న తానే ప్రమాణం చేసిండు. మూడెకరాలన్నది కొందరికే అందింది.

అందుకే ఈసారి ఏ రంగు జెండా వచ్చినా ప్రాంతం ముచ్చట తర్వాత, ముందు మన లెక్క చెప్పమందాం. ఆ లెక్క మన చేతుల ఉండాలె. ఫ్యాక్టరీ ఫారాల భూమి మీ ఊళ్లె ఎంత ఉండె, ఇప్పుడెవరి చేతుల ఉంది, చెరుకు పని పోయినంక మన వాడ నుంచి ఎంతమంది గల్ఫ్ పోయిండ్రు - ఇంటింటికీ తిరిగి నోటుబుక్కుల రాయండి. కూలి రేట్లు అక్కలనే అడగండి, వాళ్లకే సరిగ్గ యాదుంటయి. వచ్చే సమావేశానికి ఆ బుక్కులు తీసుకరండి.