అల్లం – ఎంతవరకు ఆహారం, ఎంతవరకు మందు?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అల్లం గురించి మీకు కొత్తగా చెప్పవలసిందేముంది? పెసరట్టులో అల్లం, మజ్జిగలో అల్లం, శ్రీరామనవమి పానకంలో శొంఠి, బాలింతకు మొదటి ముద్దలో శొంఠిపొడి – ఇవన్నీ మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నవే. శొంఠి లేని కషాయం లేదని సామెత. ఆయుర్వేదంలో శొంఠికి విశ్వభేషజమని పేరు. మిరియాలు, పిప్పళ్లు కలిస్తే అదే త్రికటు చూర్ణం. అయితే మన వయసు వచ్చేసరికి ఇంటింటా ఒక మందుల డబ్బా కూడా చేరింది. ఆ డబ్బాకూ ఈ అల్లానికీ పొత్తు ఎలా కుదరాలన్నదే ఈనాటి విషయం.

అల్లం నిజానికి వేరు కాదు, భూమిలో పెరిగే కాండం. పచ్చి అల్లం ఘాటుకు కారణం జింజెరాల్ అనే పదార్థం. ఎండబెట్టి శొంఠి చేసినప్పుడు అందులో కొంత షోగాల్‌గా మారుతుంది. ఇది మరింత ఘాటైనది. అందుకే అల్లం ముక్కలుగా వేసుకుంటాం, శొంఠి చిటికెడుతో సరిపెడతాం.

అల్లం మేలు బాగా రుజువైనది వికారం విషయంలో. కాన్సర్ మందులు ఎక్కించుకునే 576 మందిపై అమెరికాలో జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2012లో వెలువడ్డాయి. రోజుకు అరగ్రాము, ఒక గ్రాము తీసుకున్నవారికి వికారం బాగా తగ్గింది. ఒకటిన్నర గ్రాము తీసుకున్నవారికి అంతకంటే ఎక్కువ లాభమేమీ కలగలేదు. పైగా వారంతా డాక్టరు ఇచ్చిన వాంతుల మందు కూడా వాడుతూనే ఉన్నారు. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఎక్కువ తింటే ఎక్కువ మేలు కాదు. అల్లం మందుకు తోడేగాని, మందుకు బదులు కాదు.

కడుపులోని ఆహారం త్వరగా ముందుకు కదలడానికి కూడా అల్లం సాయపడుతుంది. భోజనానంతరం కడుపు బరువుగా ఉండేవారికి మజ్జిగలో నాలుగు అల్లం ముక్కలు హితవు. మోకాళ్ల నొప్పులకు కొద్దిపాటి ఉపశమనం కలగవచ్చు. షుగరు, కొలెస్ట్రాలు తగ్గుతాయని కూడా అంటారు గాని, ఆ నమ్మకంతో మాత్రలు మానేటంతటి ఆధారం లేదు.

ఇక జాగ్రత్తలు. ఒకటి: గుండె కవాటాల ఆపరేషన్ అయినవారు, రక్తం పలుచబడే వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి మాత్రలు వాడేవారు కూరలో అల్లానికి భయపడనక్కరలేదు. కాని రోజూ అల్లం రసం, శొంఠి గుళికలు మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పాలి. రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. రెండు: ఛాతీలో మంట, పుల్లని త్రేనుపులు ఉన్నవారికి అల్లం ఎక్కువైతే మంట పెరుగుతుంది. మూడు: అల్లం పచ్చడిలో ఉప్పూ బెల్లమూ దండిగా ఉంటాయి. అల్లం మురబ్బా అయితే పంచదారే. బి.పి., షుగరు ఉన్నవారు అల్లం పేరుతో వీటిని తింటే లాభం మాట అటుంచి నష్టమే మిగులుతుంది.

అరచెంచా శొంఠిపొడి సుమారు ఒక గ్రాము. మామూలుగా రోజుకు అది చాలు.

చివరగా అన్నింటికంటే ముఖ్యమైన మాట. ఇంట్లోని ఆడవారు, పిల్లలు కూడా శ్రద్ధగా వినాలి. గుండెపోటు చాలాసార్లు గ్యాస్ వేషంలో వస్తుంది. షుగరు ఉన్నవారికి, వయసు మళ్లినవారికి నొప్పి లేకుండా అజీర్ణంలాగే ఉండవచ్చు. ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి – వీటిలో ఏది కనిపించినా "గ్యాసేలే, అల్లం రసం తాగి పడుకుంటాను" అనకండి, మీవారిని అననివ్వకండి. తెల్లవారేదాకా చూద్దామనుకుంటే అప్పటికి గుండె కండరం దెబ్బతిని ఉంటుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. అది గ్యాసే అని తేలితే సంతోషం. ఇంటికొచ్చాక అల్లం మజ్జిగ తాగవచ్చు.

వంటింట్లో అల్లాన్ని, డబ్బాలో మాత్రల్ని దేని స్థానంలో దాన్ని ఉంచుదాం.