కొండకు పుస్తకాల పెట్టె

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



"మహేంద్రగిరి యాత్ర గురించి నాలుగు మాటలు చెప్పండి" అని మమ్మల్ని ఈ వేదిక మీదికి పిలిచారు. మేమేదో ఘనకార్యం చేసివచ్చామని మీరు అనుకుంటున్నట్టున్నారు. నిజం చెప్పాలంటే మొదటిసారి మేము చేసింది పొరపాటు. రెండోసారి వెళ్ళింది దాన్ని దిద్దుకోవడానికి. రెండూ ఉన్నవి ఉన్నట్టు మనవి చేస్తాం.

మన రావివలస పేరు చెబితే పరాయి ఊరివాళ్ళకు పైకప్పు లేకుండా ఎండలో వెలసిన ఎండల మల్లికార్జునస్వామి గుర్తుకొస్తాడు. ఇక్కడినుంచి పెద్ద రోడ్డు మీద పలాస, హరిపురం దాటి మందస వైపు తిరిగితే కొండలు దగ్గరపడతాయి. మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు, అంటే సుమారు అయిదు వేల అడుగులు. శిఖరం ఒడిశాలో గజపతి జిల్లాకు చెందుతుంది గాని, దాని పాదాలు మన మందస మండలం వైపు చాచుకునే ఉన్నాయి. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ మన బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైన కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాత రాతి గుళ్ళున్నాయి. శివరాత్రికి రెండు రాష్ట్రాల జనమూ ఎక్కుతారు. కొండ వాలుల్లో సవరల ఊళ్ళున్నాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు ఎలా కూలిపోయాయో ఈ సభలో ఒకరికి చెప్పనక్కరలేదు. కొండ కింద ఒక ఊళ్ళో బడి పైకప్పు పోయి, పుస్తకాలన్నీ తడిసి ముద్దయిపోయాయని విన్నాం. అప్పటికే మన కుర్రాళ్ళు మహేంద్రగిరి ఎక్కాలని ఉబలాటపడుతున్నారు. "ఎక్కితే ఎక్కండి గాని, ఉత్త చేతులతో వెళ్ళొద్దు" అన్నారు పెద్దలు. ఇంటింటికీ తిరిగి మూడు గోతాల పుస్తకాలు పోగుచేశాం. 2019 జనవరిలో ఇరవై ఇద్దరం బయలుదేరాం.

ఆ గోతాల్లో ఏమున్నాయో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. పదో తరగతి గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు, అట్టలూడిన ఇంగ్లీషు నవలలు, ఒక పాత టెలిఫోను డైరెక్టరీ! మన ఇళ్ళలో అటకలు ఖాళీ అయ్యాయి, అంతే. వాటిని వంతులవారీగా భుజాన మోసుకుపోయాం. ఆ బడిలో ఉన్నది ఒకే మాస్టారు, అయిదో తరగతి దాకా పిల్లలు. పుస్తకాలు పంచాం, ఫోటోలు దిగాం. ఒక చిన్నపిల్ల నవల అట్టమీద రైలుబండి బొమ్మను వేలితో చూపించి ఏదో చెప్పింది. అది సవర మాట. మాలో ఒక్కరికీ అర్థం కాలేదు. అప్పుడు గోడవార కూర్చున్న ఒక పెద్దాయన, కోపం లేకుండానే, ఇలా అన్నాడు: "పుస్తకాలు బాగున్నాయి బాబూ. మరి ఈటిని మా గుంటలకి ఎవులు సదివి సెప్తారు?"

మా దగ్గర జవాబు లేదు. ఆ మర్నాడు కొండ ఎక్కాం. పైనుంచి చూస్తే తూర్పున సముద్రం గీతలాగా కనిపించింది. గాలి బాగుంది, చలి బాగుంది. అయినా దిగేటప్పుడు ఎవరమూ కొండ గురించి మాట్లాడుకోలేదు. ఆ పెద్దాయన మాట గురించే మాట్లాడుకున్నాం.

సోదరులారా, ఆ పెద్దాయన అడిగింది మనకు తెలియని సంగతి కాదు. మన ఇళ్ళలో పిల్లవాడు అమ్మీతో ఉర్దూలో మాట్లాడతాడు, బడికిపోయి తెలుగులో అ ఆలు దిద్దుతాడు. ఒకటో తరగతిలో పంతులుగారు "పలక తియ్యి" అంటే దిక్కులు చూసినవాళ్ళు ఈ సభలో ఎంతమంది లేరు? మేమూ ఆ బాపతే. మరి ఆ కష్టం పడ్డ మనమే, తెలుగు కూడా సరిగా రాని పసివాళ్ళ చేతిలో ఇంగ్లీషు నవలలు పెట్టి వచ్చాం!

మన జిల్లావాడే ఒకాయన ఈ సంగతిని నూరేళ్ళకు పూర్వమే గ్రహించాడు. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు. ఆ తేదీనే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. వాడుకభాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, సవరల కోసం చేసింది కొద్దిమందికే తెలుసు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగారు. ఆ తిరుగుడులో మలేరియా పట్టి, మందుగా వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిన్నదని చెబుతారు. సవర భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో ఇంగ్లీషులో అచ్చయింది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అదే 1936లో మంగే గొమాంగో అనే ఆయన సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని తయారుచేశారు. ఉమ్మడి రాష్ట్రంలో కూడా 2004 ప్రాంతాల్లో సవరతో సహా కొన్ని గిరిజన భాషల్లో, తెలుగు లిపితోనే, చిన్న తరగతుల వాచకాలు వచ్చాయి. అంటే దారి ఎప్పుడో పడింది. మనమే అడిగి తెలుసుకోకుండా పోయాం.

రెండోసారి, 2020 జనవరిలో, ముందు ఇద్దరం ఉత్త చేతులతోనే వెళ్ళాం. "ఏం కావాలి?" అని మాస్టారిని అడిగాం. ఆయన చెప్పినదాన్ని బట్టి పెద్ద అక్షరాలు, బొమ్మలు ఉన్న తెలుగు కథల పుస్తకాలు కొన్నాం. నేషనల్ బుక్ ట్రస్టువారివి తక్కువ ధరకే దొరికాయి. ఒకరింట్లో భద్రంగా దాచిన పాత చందమామలు పెట్టాం. అన్నీ కలిపి నూట ఇరవై. ఒక ముసలమ్మ చెప్పిన కథను మాస్టారు సవర మాటల్లోనే తెలుగు అక్షరాలతో రాసిపెట్టారు. దాన్ని టెక్కలిలో జిరాక్సు తీయించి, కుట్టించి, పిల్లలకు తలొక ప్రతి ఇచ్చాం. తమ ఇంటి మాటను అచ్చులో చూసుకున్న పిల్లల ముఖాలు మీరు చూడవలసింది. రేకు పెట్టె ఒకటి కొన్నాం. చెదలు పట్టకుండా దాన్ని ఇటుకల మీద ఎత్తుగా పెట్టాం. ఎవరు ఏది తీసుకెళ్ళారో రాయడానికి ఒక నోటుపుస్తకం పెట్టాం. కొండ ఎక్కడం ఆ తరవాతే.

రెండు నెలలకే కరోనా వచ్చి బడులు మూతబడ్డాయి. ఫోను పాఠాలన్నారు. ఆ ఊళ్ళో ఫోనుకు సిగ్నలు అందాలంటే గుట్ట ఎక్కాలి. అప్పుడు మాస్టారు పెట్టెను పెద్దాయన ఇంటి అరుగు మీద పెట్టించారు. మేము మళ్ళీ వెళ్ళగలిగింది 2022లో. లెక్కపెడితే పదిహేడు పుస్తకాలు తక్కువ. మాతో వచ్చిన మన కోశాధికారిగారు నోటుపుస్తకం తిరగేసి ముఖం చిట్లించారు. పెద్దాయన నవ్వి అన్నాడు: "పోనేదు బాబూ, సిరిగిపోనాయి. సదివితే సిరగవా?"

కోశాధికారిగారు ఆ పదిహేడింటినీ ఖర్చు కింద రాసేశారు. మన సంఘం లెక్కల్లో అంతకంటె మంచి ఖర్చు మాకు కనబడలేదు.

చివరగా మా మనవి. ప్రతి బడిలోనూ కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతున్నది. అది ప్రభుత్వం బాధ్యత, అడగవలసిందే. ఈలోగా మనం ఏడాదికి ఒక్క పెట్టె ఇద్దాం. పది బడులకు పది గోతాలు వద్దు, ఒక బడికి ఒక పెట్టె చాలు. ఇచ్చేముందు అడగాలి. ఇచ్చాక మరుసటి ఏడు వెళ్ళి చూడాలి. మన పిల్లలకు మనం కొనిపెట్టని పుస్తకం ఇంకొకరి పిల్లలకు ఇవ్వరాదు. కొండకు వచ్చేవారు ఎవరి నీళ్ళసీసా వారే తెచ్చుకుని, ఆ సీసాను తిరిగి ఇంటికి తీసుకుపోవాలి.

వచ్చే జనవరి యాత్రకు పేర్లు రాసుకుంటున్నాం. ఈసారి అమ్మాయిలు కూడా వస్తామంటున్నారు. తల్లిదండ్రులు కాదనవద్దని కోరుతున్నాం. మోయడానికి భుజాలు కావాలి, కథ చదివి చెప్పడానికి గొంతులు కావాలి. గుమ్మం దగ్గర రేకు పెట్టె ఒకటి ఉంచాం. వెళ్ళేటప్పుడు అందులో డబ్బులు వేసినా సరే, మంచి పుస్తకం వేసినా సరే. టెలిఫోను డైరెక్టరీలు మాత్రం దయచేసి వేయకండి.