పాడి ఇల్లు – పిల్లల చదువు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఆఫీసరు కొడుక్కి చదువు వస్తుంది, పాలు పోసేవాని కొడుక్కి రాదు అనే మాట సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము తరచు వింటుంటాము. తల్లిదండ్రుల వృత్తికీ పిల్లల చదువుకూ సంబంధం ఉన్నమాట వాస్తవమే. అమెరికాలో 1966లో జేమ్స్ కోల్‌మన్ బృందం ఇచ్చిన నివేదిక, బడిలోని వసతుల తేడాలకన్న ఇంటి పరిస్థితులే పిల్లల చదువుతో ఎక్కువ ముడిపడి ఉన్నాయని తెలిపింది. అయితే వృత్తి పిల్లవాని తెలివిని మార్చదు. ఇంట్లో తీరిక, చేతిలో డబ్బు, చదువును పట్టించుకునే పెద్దలు – వీటిని మారుస్తుంది.

పాడి సంగతే చూడండి. గేదెకు ఆదివారం లేదు, పరీక్షల కాలమూ తెలియదు. తెల్లవారుజామున పేడ తీయాలి, పాలు పితకాలి, కేంద్రానికి చేర్చాలి; సాయంత్రం మళ్ళీ అదే పని. తల్లి గడ్డికి పోతే చంటివాణ్ణి చూసేది పెద్దపిల్లే. ఆలస్యమైన పిల్ల మొదటి పీరియడు పోగొట్టుకుంటుంది. రోజూ ఇదే జరిగితే కొన్నాళ్ళకు బడే మానుతుంది. మరోవైపు, పంట డబ్బు కోతలయ్యాక గాని రాదు. పాల డబ్బు పాలు పోసినన్నాళ్ళూ బిల్లు బిల్లుకూ వస్తుంది. పలకకూ పుస్తకాలకూ అప్పు చేయనక్కరలేదు. కనుక పాడి చదువుకు శత్రువు కాదు, వేళలే అడ్డం. ఆ వేళలు చాలావరకు మన చేతిలోనివి.

సంఘాలకు మా మనవులు నాలుగు.

ఒకటి: పాల సేకరణ వేళ బోర్డుపై వ్రాసి, ఖచ్చితంగా పాటించండి. పిల్లలు పాలు తెస్తే త్రిప్పి పంపరాదు, నష్టపోయేది ఆ ఇల్లే. వరుసలో నిలబెట్టక ముందుగా కొలిచి పంపండి.

రెండు: బడులు తెరిచే జూన్ నెలలో దాణా బాకీ ఒక్కసారిగా మినహాయించక వాయిదాలు వేయండి.

మూడు: 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం 14 ఏండ్ల లోపు పిల్లలు ఇంటి పనిలో బడి వేళల తరువాత, సెలవులలో మాత్రమే సాయపడవచ్చును. ఈ మాట సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించండి.

నాలుగు: పాసు పుస్తకం పిల్లల చేతికివ్వమని సభ్యులకు చెప్పండి. 5 కిలోల పాలలో వెన్న 6 శాతమైతే 300 గ్రాములు. శాతాల లెక్క ఇలా ఇంట్లోనే వస్తుంది. చదువురాని తల్లికి తన బిల్లు సరిచూసే మనిషీ ఇంట్లోనే తయారవుతుంది.

లీటర్లు పెరగడమొక్కటే సంఘం అభివృద్ధి కాదు. మీ సభ్యుల పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, ఈ ఏడు బడి మానినవారెందరో రాబోయే పాలకవర్గ సమావేశంలో లెక్క తీయండి. వచ్చే తనిఖీలో రికార్డులతోపాటు ఆ లెక్కనూ మేము అడుగుతాము.