త్రాటి కొన
(కర్మాగారములలో నూతనముగ చేరిన కార్మికుల సభలో చేసిన ఉపన్యాసము)



మీలో పలువురు నిన్నటిదాక నాగలి పట్టినవారు. నేడు యంత్రము ముందు నిలిచినారు. నాగలి పట్టుట తండ్రి నేర్పెను. యంత్రమును నేర్పువా డెవడు? ఇదియే మా ప్రశ్న.

ఒక్క యుదాహరణము చెప్పెదము. మురుగు గుంటలలోను, కొన్ని రసాయనశాలలలోను హైడ్రోజన్ సల్ఫైడ్ అను విషవాయువు పుట్టును. స్వల్పముగ నున్నపుడు అది కుళ్ళిన గ్రుడ్ల కంపు కొట్టును. అధికమైనచో వాసన నెఱుగు శక్తినే హరించును. ఈ సంగతి యెఱుగనివాడు కంపు పోయినది గాన భయము లేదని తొట్టిలో దిగి కూలును. వానిని రక్షింప రెండవవాడు దిగును. వాని వెనుక మూడవవాడు. వీరికి ధైర్యము కొఱవడలేదు, విద్య కొఱవడినది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దీనికి మార్గము చూపియే యుండెను. తొట్టిలో విషవాయువు లేదని అర్హుడైనవాడు స్వయముగ పరీక్షించి వ్రాసి యీయవలెను; లేదా దిగువాడు శ్వాససాధనము ధరించి, నడుమున పట్టీ కట్టుకొనవలెను; ఆ పట్టీకి ముడివేసిన త్రాటి కొన వెలుపలి మనుష్యుని చేతిలో నుండవలెను. 1984లో భోపాలు ఘోరము జరిగిన పిమ్మట, 1987లో, ఆరోగ్యభద్రతలను గూర్చి శిక్షణ పొందుట కార్మికుని హక్కని అందు చేర్చిరి. ఆ చట్టమునకు బదులు 2020 నాటి వృత్తిభద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలునకు వచ్చినది.

ఈ నడుమనే 2024 ఆగస్టు 21న అచ్యుతాపురమున 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారమున 40 మందికి పైగా కార్మికులు మడిసిరి. ఈ మరణముల కన్నిటికిని శిక్షణలేమియే కారణమని మే మనము. యజమాని చేయవలసిన మరమ్మతు కార్మికుని చదువుచే తీరదు. కాని అపాయము నెఱిగినవాడు ముందుగ కేక వేయగలడు, ఎఱుగనివాడు వేయలేడు.

బొగ్గు గనులను చూడుడు. ముందు శిక్షణ, పిదప పని యని 1966 నాటి నియమములు శాసించినవి. సింగరేణిలో నిందుకై ప్రత్యేక కేంద్రములే వెలసినవి. గనికి తగిన నీతి కర్మాగారమునకు తగదా? గుత్తదారు తెచ్చిన కూలివాని ప్రాణము తక్కువదా?

యోగ్యతాపత్ర మీయవలసినదే. అయితే తెలియని భాషలో నొక కాగితము చూపి వ్రేలిముద్ర వేయించుకొనుట శిక్షణ గాదు. అది యజమానికి రక్షణ, కార్మికునికి వంచన. ఒడిశా నుండి వచ్చినవానికి ఒడియాలో, బీహారు నుండి వచ్చినవానికి హిందీలో, మనవానికి తెలుగులో చెప్పవలెను. చెప్పి, చేయించి చూచి, పిదప పత్ర మీయవలెను.

సోదరులారా! తొట్టిలో దిగుమన్ననాడు సిగ్గుపడక అడుగుడు: పరీక్షించిన దెవరు? త్రాటి కొన యెవరి చేతిలో నున్నది? దానికి బదులు రానిచో దిగకుడు. ఆ ప్రశ్న పిఱికితనము గాదు. మీ యింటిలో మీకై కాచియున్నవారి పక్షమున మీరు వేయు ప్రశ్న.